బ్లాక్‌కరెంట్: నిరుటి కొమ్మ మీద ఈ ఏటి కాపు

గెలలుగా నల్లని, పుల్లని చిన్న పండ్లు కాసే పొద బ్లాక్‌కరెంట్. దాన్ని ఇంటి తోటలో పెంచేవారి నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మొదటి మూడు నాలుగేళ్లు విరగకాసిన పొద ఆ తర్వాత పెద్దదవుతోందే తప్ప కాయలు మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నాయని వాపోతారు. ఎరువు చాలలేదేమో అనుకుంటారు, నేలలో సారం పోయిందేమో అనుకుంటారు, చివరికి రకమే మంచిది కాదని తేల్చేస్తారు. చాలాసార్లు అసలు లోపం వీటిలో ఏదీ కాదు. పొద మీద కత్తెర పడలేదు, అంతే. ఈ మొక్కకు కాపు ఏ కొమ్మ మీద వస్తుందో తెలిస్తే చాలు, నాటడం దగ్గర నుంచి చీడపీడల దాకా దాని విషయంలో వింతగా తోచే ప్రతి సలహాకూ కారణం దొరుకుతుంది.

బ్లాక్‌కరెంట్ శాస్త్రీయ నామం రైబిస్ నైగ్రమ్. ఉత్తర ఐరోపా, ఉత్తర ఆసియాల్లోని చల్లని, తేమగల నేలలు దీని పుట్టిల్లు. శీతాకాలంలో ఆకు రాల్చే పొద ఇది. మీటరున్నర ఎత్తు పెరుగుతుంది, బలమైన రకాలైతే దాదాపు రెండు మీటర్లకు చేరుతాయి. ఒకే మాను మీద నిలబడే మొక్క కాదు. నేలలోంచి ఏటా కొత్త కొమ్మలు పుట్టుకొచ్చి గుబురుగా తయారవుతుంది. ఒక వేసవిలో పెరిగిన కొమ్మ మీద, ఆకు తొడిమల మొదట్లో ఉండే మొగ్గల్లో మరుసటి వసంతపు పూత దాగి ఉంటుంది. వేసవి మధ్యకు వచ్చి పగటి పొడవు తగ్గడం మొదలయ్యాక ఆ మొగ్గల లోపల పూలగెల రూపు కట్టుకుంటుంది. అంటే పాత కొమ్మల మీద ఈ ఏటి పండ్లు నల్లబడుతున్న రోజుల్లోనే, వాటి పక్కన ఏపుగా లేస్తున్న లేత కొమ్మల్లో వచ్చే ఏటి పంట ఎంతో నిర్ణయమైపోతూ ఉంటుంది. పండు కోయగానే పొదను మరిచిపోయేవారికి నష్టం వచ్చేది ఇక్కడే.

రెండేళ్ల కొమ్మ కూడా కాస్తుంది, దాని పక్కల నుంచి వచ్చిన రెమ్మల మీద. ఆపైన పరిస్థితి మారుతుంది. మూడు నాలుగేళ్లు దాటిన కొమ్మ మీద కొత్త పెరుగుదల కొసలకే పరిమితమై పొట్టిగా ఉంటుంది. మొగ్గలు తగ్గుతాయి, గెలలు చిన్నవవుతాయి, పండు సన్నబడుతుంది. పైగా ఆ ముదురు కొమ్మ నీడలో నేల నుంచి కొత్త కొమ్మ లేవదు. పొద బయటికి నిండుగా కనిపిస్తుంది, లోపల మాత్రం కాసే కట్టె ఉండదు. రెడ్‌కరెంట్, గూస్‌బెర్రీ మొక్కల తీరు వేరు. వాటికి పాత కొమ్మల మీద ఏళ్ల తరబడి నిలిచే పొట్టి రెమ్మల పైన కాపు వస్తుంది కాబట్టి ప్రధాన కొమ్మలను శాశ్వతంగా ఉంచి కొసలు, పక్క రెమ్మలు మాత్రమే కత్తిరిస్తారు. ఈ మూడూ దగ్గరి బంధువులే కావడంతో అన్నిటికీ ఒకే కత్తిరింపు చేసేవారు ఎందరో. అలా చేస్తే రెడ్‌కరెంట్ బాగానే ఉంటుంది, బ్లాక్‌కరెంట్ కాపు కోల్పోతుంది.

నాటే పద్ధతిలోని విచిత్రం కూడా దీనితో ముడిపడినదే. పండ్ల మొక్క ఏదైనా నర్సరీలో ఉన్న లోతుకే నాటాలి, కాండం మట్టిలో కూరుకుపోకూడదు అన్నది తోటపనిలో అందరూ నేర్చుకునే మొదటి పాఠం. బ్లాక్‌కరెంట్‌కు అది వర్తించదు. కాండం మీద పాత మట్టి మరక ఎక్కడుందో చూసి, అది నేలమట్టానికి సుమారు 5 సెంటీమీటర్ల కిందికి వెళ్లేలా నాటాలి. మట్టిలోకి వెళ్లిన మొగ్గలే రేపు నేల లోపల నుంచి కొమ్మలను పంపుతాయి. పూడిన కాండం నుంచి అదనంగా వేర్లు కూడా దిగుతాయి. నాటడం అయ్యాక మరింత కఠినమైన పని ఉంది. ఉన్న కొమ్మలన్నిటినీ నేలకు 2.5 నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకటి రెండు మొగ్గలు మాత్రమే మిగిలేలా కోసేయాలి. డబ్బు పెట్టి కొన్న మొక్కను నాటిన రోజే మొదలంటా కోయడానికి ఎవరికైనా చేయి ఆడదు. అయినా మొహమాటపడితే లాభం లేదు. కోయని మొక్క మొదటి ఏడు నాలుగు కాయలు చూపించి, చిన్న వేరు వ్యవస్థతో పాత కొమ్మలను మోయలేక ఈసురోమని నిలబడుతుంది. కోసిన మొక్క ఆ ఏడు కాయదు. దాని బదులు బలమైన కొమ్మలను మూడో నాలుగో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా లేపుతుంది. రెండో ఏడు కొద్దిగా కాపు మొదలై, మూడు నాలుగేళ్లకు పూర్తి స్థాయికి వస్తుంది.

కుండీలో కాకుండా వట్టి వేర్లతో అమ్మే మొక్కలను ఆకు రాలిన తర్వాత నుంచి చిగురు వేయకముందు వరకు నాటుకోవచ్చు. నేల గడ్డకట్టి ఉన్నప్పుడు, నీరు నిలిచి ఉన్నప్పుడు మాత్రం ఆగాలి. కుండీ మొక్కలను ఏ కాలంలోనైనా నాటవచ్చు గానీ, ఆకు మీద ఉన్నప్పుడు నాటితే మొదలంటా కోసే పని ఆకు రాలేదాకా వాయిదా వేయడం మేలు. పొదకూ పొదకూ మధ్య మీటరున్నర నుంచి 1.8 మీటర్ల దూరం ఉండాలి. బెన్ సారెక్ లాంటి పొట్టి రకాలకు 1.2 మీటర్లు సరిపోతుంది. పూర్తి ఎండ తగిలే చోట కాపు ఎక్కువ, పండులో తీపి ఎక్కువ. కొద్దిపాటి నీడను ఈ మొక్క ఓర్చుకుంటుంది. బరువైన నేలను, తేమను మిగతా చిన్న పండ్ల మొక్కల కంటే బాగానే తట్టుకుంటుంది. నీరు నిలిచి వేరు కుళ్లే స్థితిని మాత్రం తట్టుకోలేదు. కొద్దిగా ఆమ్లగుణం ఉన్న నేల, అంటే పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉన్నది దీనికి ఇష్టం. ఒకసారి నాటితే పదిహేనేళ్లకు పైగా కాసే మొక్క కాబట్టి ముందుగా ఆ చోటంతా లోతుగా తవ్వి, వేళ్లతో బతికే మొండి కలుపును పూర్తిగా ఏరేసి, బాగా చివికిన పశువుల ఎరువు దండిగా కలపాలి. తర్వాత లోతుగా తవ్వే అవకాశం రాదు. దీని వేర్లు చాలావరకు పై మట్టిలోనే పరుచుకుని ఉంటాయి, పార దిగితే తెగిపోతాయి.

ఇక చలి సంగతి. ఎంత బాగా నాటినా, ఎంత ఎరువు వేసినా చలికాలమే లేని చోట బ్లాక్‌కరెంట్ కాయదు. ఈ మాట మొక్క అమ్మేవారు చెప్పరు కాబట్టి ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. ఆకు రాల్చి నిద్రలోకి వెళ్లిన మొగ్గ మళ్లీ మేలుకోవాలంటే దానికి నిర్ణీత మోతాదులో చలి అందాలి. దాన్ని శీతల గంటల్లో కొలుస్తారు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో గడిచిన గంటలవి. రకాన్ని బట్టి మారినా, బ్లాక్‌కరెంట్‌కు అవి వెయ్యికి అటూ ఇటూగా, కొన్నిటికి అంతకంటే చాలా ఎక్కువగా కావాలి. చలి పూర్తిగా చాలకపోతే మొక్క చావదు. ఒక మొగ్గ ముందు, ఒక మొగ్గ వెనుక విచ్చుకుంటాయి, పూత ఆలస్యమై వారాల తరబడి సాగుతుంది, కొన్ని మొగ్గలు అసలు కదలవు, కాపు పలచబడుతుంది. శీతాకాలాలు వెచ్చబడుతున్న కొద్దీ ఐరోపా రైతులకు కూడా ఇది ఆందోళన కలిగిస్తోంది. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాల కోసం పరిశోధన సాగుతున్నది అందుకే. చలికాలం ఉన్నా వేసవి మండిపోయే చోట ఇంకో ఇబ్బంది వస్తుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి నిలిస్తే ఆకు అంచులు మాడతాయి, పెరుగుదల ఆగిపోతుంది. అలాంటి చోట మధ్యాహ్నపు ఎండ పడని మూల, వేర్ల మీద దళసరి ఆచ్ఛాదన కొంతవరకు ఆదుకుంటాయి.

చలి కావాలి, కానీ పూత వేళ మాత్రం వద్దు. వసంతం మొదట్లోనే పూసే మొక్క కావడంతో ఆలస్యంగా కురిసే మంచు దీనికి ప్రధాన శత్రువు. విచ్చిన పువ్వును, అప్పుడే కట్టిన పిందెను దాదాపు మైనస్ 2 డిగ్రీలు దెబ్బతీస్తాయి. ఆ రాత్రి ఏమీ తెలియదు. కొన్నాళ్లకు పిందెలు ఒక్కొక్కటే రాలిపోయి గెల బోసిపోతుంది. చల్లగాలి బరువైనది, నీటిలాగే పల్లానికి జారి నిలుస్తుంది. కాబట్టి వాలు అడుగున, గాలి కదలకుండా అడ్డుపడే గోడ ఎగువన ఈ పొద పెట్టకూడదు. మంచు పడే సూచన ఉన్న రాత్రి తేలికపాటి తోట బట్ట కప్పి, తెల్లవారగానే తీసేయాలి. తీయడం మరిచిపోతే ఇంకో నష్టం ఉంది. చాలా రకాల పువ్వులు తమ పుప్పొడితోనే కాయగలవు, జత మొక్క లేకపోయినా ఒక్క పొద కాస్తుంది. కానీ ఆ పుప్పొడిని పువ్వులో ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి పురుగు కావాల్సిందే. చలిగాలిలో తేనెటీగ గూడు దాటి రాకపోయినా ఒళ్లంతా నూగు ఉన్న పెద్ద తుమ్మెద పనిలోకి వస్తుంది. ఈ పూతకు అదే పెద్ద దిక్కు. గెల మొదట్లో కాయలు కట్టి కొసన ఖాళీగా ఉంటే, కాయలు చిన్నవిగా లోపల గింజలు తక్కువగా ఉంటే, ఎరువును అనుమానించే ముందు పరాగ సంపర్కాన్ని అనుమానించాలి. వేరే రకం పొద ఒకటి దగ్గర్లో ఉంటే కాపు ఇంకొంత మెరుగవుతుంది.

కత్తిరింపుకు వద్దాం. మొదలంటా కోసిన కొత్త మొక్కకు తొలి శీతాకాలంలో బలహీనంగా ఉన్న ఒకటి రెండు రెమ్మలు తీయడం తప్ప పని ఉండదు. కాపు మొదలైన నాటి నుంచి ఏటా పని ఉంటుంది. ఆకు రాలిన పొద ముందు నిలబడి కొమ్మల రంగు చూస్తే చాలు, వయసు తెలిసిపోతుంది. మొన్నటి వేసవిలో లేచినవి లేత గోధుమ రంగులో నున్నగా ఉంటాయి. రెండేళ్లవి బూడిద రంగుకు తిరుగుతాయి. అంతకంటే పాతవి దాదాపు నల్లగా, గరుకుగా, పక్క రెమ్మలతో చిక్కుపడి కనిపిస్తాయి. ఏటా పొదలో మూడో వంతు కట్టె తీయాలి, ఎంత తగ్గించినా నాలుగో వంతుకు తగ్గకూడదు. ముందుగా నల్లటివి, నేలమీద వాలిపోయేవి, విరిగినవి, రోగం తగిలినవి పోవాలి. కోత నేలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. పాత కొమ్మ అడుగు భాగంలోనే బలమైన లేత కొమ్మ పుట్టి ఉంటే దాని పైన కోసి, దాన్ని నిలుపుకోవచ్చు. లేత గోధుమ రంగు కొమ్మల జోలికి పోకూడదు. వాటి కొసలు చక్కగా సమం చేయాలనే తపన చాలామందిలో కనిపిస్తుంది. కంచె కత్తిరించినట్టు పైపైన కోస్తే పోయేది వచ్చే ఏటి పూతే. కోస్తున్నంతసేపూ ఘాటైన వాసన చేతులకు అంటుకుంటుంది. బ్లాక్‌కరెంట్ మొగ్గ వాసనకు గంధక సమ్మేళనాలు కారణం. అత్తరు తయారీదారులు ఈ మొగ్గల సారాన్ని ఖరీదైన ముడిసరుకుగా కొంటారు, కొందరి ముక్కుకు మాత్రం అది పిల్లి వాసనలా తోస్తుంది.

శీతాకాలమే కాక ఇంకో వేళ కూడా ఉంది. పండు పక్వానికి వచ్చినప్పుడు, తీసేయాలనుకున్న పాత కొమ్మలను పండ్లతో సహా నేలమట్టానికి కోసి, కుర్చీలో కూర్చుని గెలలు తుంచుకోవచ్చు. కోత, కత్తిరింపు ఒకే దెబ్బకు ముగుస్తాయి. కొత్త కొమ్మలకు వెంటనే వెలుతురు అందుతుంది, అది కూడా మొగ్గల్లో పూత రూపుదిద్దుకునే సమయానికే. చిన్న తోటకు ఈ పద్ధతే నయం. ఏళ్ల తరబడి పట్టించుకోని పొద చేతికి వచ్చినప్పుడు మాత్రం కొసరి కొసరి కోయడం వృథా. వేరు బలంగా ఉండి, వైరస్ లక్షణాలు లేకపోతే శీతాకాలంలో మొత్తం పొదను నేలమట్టానికి కోసి, ఎరువు వేయాలి. ఒక ఏడు పంట పోతుంది, ఆ తర్వాతి ఏడు పొద మొత్తం కాసే కట్టెతో నిండుతుంది. కోసినా కొత్త కొమ్మలు సన్నగా, జానెడు ఎత్తుకే ఆగిపోతే ఆ పొదతో ఇక సాధించేది లేదు, తీసేయడమే.

ఏటా మూడో వంతు కట్టె పోగొట్టుకుని మళ్లీ అంత కట్టె పుట్టించాల్సిన మొక్కకు ఆకలి ఎక్కువ, ముఖ్యంగా నత్రజని ఆకలి. శీతాకాలం చివర, చిగురు కదలకముందు పొద చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన బాగా చివికిన పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ పరిస్తే చాలా తోటలకు అది సరిపోతుంది. కొమ్మల మొదళ్లకు తగలకుండా కొంచెం ఎడం ఉంచాలి. ఆ పొర తేమను పట్టి ఉంచుతుంది, కలుపును అణచివేస్తుంది, పార అవసరం లేకుండా చేస్తుంది. పై మట్టిలో వేర్లున్న మొక్కకు ఈ మూడూ కావాలి. కొమ్మలు పొట్టిగా, ఆకు పాలిపోయి ఉంటే వసంతంలో నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువు అదనంగా ఇవ్వవచ్చు. వేసవి ముదిరాక ఇవ్వకూడదు. అప్పుడు వచ్చే లేత చిగురు ముదిరే వేళకు చలి మీద పడుతుంది, అదీ కాక బూడిద తెగులుకు అది విందు భోజనం. నీటి విషయంలో అందరూ పండు ఎదిగే రోజుల మీదే దృష్టి పెడతారు. వాన లేని వారాల్లో వారానికోసారి లోతుగా తడపడం అవసరమే, అయితే పండు రంగు తిరిగాక ఒక్కసారిగా ఎక్కువ నీరు పెడితే తొక్క పగులుతుంది. కోత అయిపోయాక వచ్చే ఎండల్లో పొదను ఎండగట్టడం దీనికంటే పెద్ద తప్పు. అప్పటికే కొత్త కొమ్మల మొగ్గల్లో పూత కడుతోంది.

ఈ మొక్కకు అసలు గండం తెచ్చేది కూడా మొగ్గను పట్టుకునే జీవే. దాన్ని మొగ్గ నల్లి అనుకోవచ్చు, శాస్త్రీయ నామం సెసిడోఫయాప్సిస్ రైబిస్. మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు, మామూలు కంటికి కనిపించదు. కనిపించేది దాని పని. శీతాకాలం చివర ఆరోగ్యమైన బ్లాక్‌కరెంట్ మొగ్గ కోలగా, కొస సూదిగా ఉంటుంది. నల్లి పట్టిన మొగ్గ ఉబ్బి, గుండ్రంగా, బఠానీ గింజంత అవుతుంది. వసంతంలో అది విచ్చుకోదు, ఎండి రాలిపోతుంది. ఒక్కో ఉబ్బిన మొగ్గలో వేల నల్లులు ఉండగలవు. పూత సమయానికి అవి బయటికి వచ్చి గాలితో, పురుగుల ఒంటి మీద, పాకుతూ కొత్త మొగ్గలకు చేరుతాయి. ఇంటి తోటలో వాడేందుకు వీటి మీద పనిచేసే మందు లేదు. లోపల దాక్కున్న జీవిని పైన చల్లిన మందు చేరనూ చేరదు. కొద్ది మొగ్గలు మాత్రమే ఉబ్బి ఉంటే శీతాకాలంలోనే చేత్తో తుంచి కాల్చేయాలి. తోటలో పారేస్తే ప్రయోజనం లేదు. పొదంతా పట్టి ఉంటే ఆ కొమ్మలన్నిటినీ, అవసరమైతే పొదనే తీసేయాలి.

మొగ్గలు పోవడం చిన్న నష్టం. ఆ నల్లి మోసుకొచ్చే వైరస్ పెద్ద నష్టం. దీన్ని రివర్షన్ వ్యాధి అంటారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచే తోటమాలులకు తెలిసిన రోగమే అయినా, కారణమైన వైరస్‌ను ఫిన్లాండ్ పరిశోధకులు గుర్తించింది 1997లో. వైరస్ సోకిన పొద చావదు, వాడదు. పైకి దిట్టంగా పెరుగుతూనే కాయడం మానేస్తుంది. కాపు తగ్గిన పొదల్లో దేనికి కత్తెర కావాలో, దేనికి గొయ్యి కావాలో తేల్చుకోవడం అందుకే కష్టం. ఆకును, పువ్వును దగ్గరగా చూడాలి. ఆరోగ్యమైన ఆకుకు తమ్మెలు స్పష్టంగా ఉంటాయి, మధ్య ఈనె నుంచి పక్క ఈనెలు చాలా కనిపిస్తాయి. రోగం సోకిన కొమ్మ ఆకులు ముఖ్యంగా వేసవి ఆరంభంలో చిన్నవిగా, సన్నగా, తక్కువ ఈనెలతో, అంచు పళ్లు మొరటుగా ఉంటాయి. పూమొగ్గ మరింత నమ్మదగిన గుర్తు. మామూలుగా అది సన్నని నూగుతో మసకగా, బూడిద రంగు కలిసినట్టుగా కనిపిస్తుంది. రోగం ఉంటే నూగు పోయి, మెరిసే ముదురు గులాబీ రంగు బయటపడుతుంది. ఈ గుర్తులు నిలకడగా కనిపిస్తే చికిత్స ఆలోచన వదిలేయాలి. వేర్లతో సహా తవ్వి నాశనం చేసి, కొత్త మొక్కను తోటలో మరో చోట పెట్టాలి. ఇరుగుపొరుగు ప్రేమతో ఇచ్చే కొమ్మ ముక్కతోనే ఈ వైరస్ ఎక్కువ తోటలకు చేరుతోంది. పంచేవారికి చెడు ఉద్దేశం ఉండదు, ఏపుగా పెరుగుతోంది కాబట్టి బాగుందనుకుంటారు. రోగరహితమని ధ్రువీకరణ ఉన్న మొక్కనే కొనమని పదే పదే చెప్పేది ఇందుకే.

మిగతా చీడపీడలు ఇంత ప్రమాదకరమైనవి కావు. పేనుబంక లేత ఆకులను ముడతపడేలా చేస్తుంది, చిన్న మొక్కకు తప్ప పెద్దగా లెక్కచేయనక్కర లేదు. చిగురాకును చుట్టలా మెలిపెట్టే ఒక చిన్న ఈగ పురుగూ అంతే. బూడిద తెగులు కిక్కిరిసిన, గాలి ఆడని, వేర్లు ఎండిన పొదలకు వస్తుంది. కొసల మీద తెల్లటి పొడి పేరుకుని తర్వాత గోధుమ రంగుకు మారుతుంది. ఆకుమచ్చ తెగులును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆకు మీద ముదురు మచ్చలు పెరిగి కలిసిపోయి, వేసవి ముగియకముందే పొద బోడిబారుతుంది. పండ్లు అప్పటికే కోసేశాం కదా అని చాలామంది పట్టించుకోరు. ఆకు లేని కొమ్మ మొగ్గను పోషించలేదు, దెబ్బ మరుసటి ఏటి కాపు మీద పడుతుంది. రాలిన ఆకుల్లోనే ఆ శిలీంధ్రం శీతాకాలం గడుపుతుంది కాబట్టి వాటిని ఊడ్చి తీసేయడమే సగం వైద్యం. పక్షుల సంగతి చెప్పనే అక్కర లేదు. పండు రంగు తిరగకముందే సన్నని కన్నుల వల బిగుతుగా కట్టాలి. వదులుగా వేస్తే అందులో పక్షులు చిక్కుకుంటాయి.

రకం ఎంపికలో రుచి కంటే ముందు చూడాల్సింది పూత కాలం, రోగ నిరోధకత. బ్రిటన్‌లో ఒకప్పుడు ఎక్కువగా సాగైన బాల్డ్విన్ ముందుగా పూసి మంచుకు చిక్కేది. స్కాట్లాండ్‌లోని పంటల పరిశోధన సంస్థ, ఇప్పటి జేమ్స్ హటన్ ఇన్‌స్టిట్యూట్, స్కాండినేవియా రకాల రక్తం కలిపి ఆలస్యంగా పూసే రకాలను రూపొందించింది. 1975లో విడుదలైన బెన్ లోమండ్ వాటిలో పేరు పొందినది. బెన్ పేరుతో తర్వాత వరుసగా ఎన్నో వచ్చాయి. కుండీకి, ఇరుకు తోటకు బెన్ సారెక్, తొందరగా పండేందుకు బెన్ కానన్, మొగ్గ నల్లి బెడద ఉన్న చోట దాన్ని తట్టుకునే బెన్ హోప్ నప్పుతాయి. పచ్చిగా తినడానికైతే పెద్ద పండు ఉన్న బిగ్ బెన్ మంచిది. కుండీలో పెంచేవారు కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది తీసుకోవాలి. అందులో నీరు ఒక్క రోజు తప్పినా మొక్క ముఖం మాడ్చుకుంటుంది.

ఉత్తర అమెరికాలో ఉన్నవారు రకం ఎంచుకునే ముందు చట్టం చూసుకోవాలి. ఐదు సూదుల పైన్ చెట్లను చంపే తుప్పు తెగులు, క్రోనార్టియమ్ రైబికోలా అనే శిలీంధ్రం, తన జీవితచక్రంలో సగం పైన్ మీద, సగం కరెంట్ జాతి మొక్కల మీద గడుపుతుంది. ఐరోపా నుంచి తెచ్చిన పైన్ నారుతో ఇది అమెరికా చేరాక, కలప పరిశ్రమను కాపాడేందుకు ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో అక్కడి ప్రభుత్వం బ్లాక్‌కరెంట్ సాగును నిషేధించింది. కేంద్ర స్థాయి నిషేధం 1966లో పోయింది, నిర్ణయం రాష్ట్రాలకు వదిలేశారు. న్యూయార్క్ 2003లో సాగుకు దారి తెరిచింది, మరికొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలు ఇంకా ఉన్నాయి. కెనడాలో పుట్టిన కాన్సార్ట్, క్రూసేడర్, కొరొనెట్, స్వీడన్‌కు చెందిన టైటేనియా ఈ తుప్పును తట్టుకునే రకాలుగా పేరు తెచ్చుకున్నాయి. ఆ నిరోధకతను ఛేదించే శిలీంధ్రపు కొత్త తెగ ఈశాన్య అమెరికాలో బయటపడిన తర్వాత ఆ ధీమా కొంత సడలింది.

ఆరోగ్యమైన పొద ఉందని నిశ్చయమైతే దాని నుంచి కొత్తవి పుట్టించడం చాలా సులువు. ఆకు రాలాక ఆ ఏడు పెరిగిన పెన్సిల్ మందం కొమ్మను 20 నుంచి 25 సెంటీమీటర్ల ముక్కగా, కింద మొగ్గకు కొంచెం దిగువన అడ్డంగా, పైన మొగ్గకు ఎగువన ఏటవాలుగా కోయాలి. రెడ్‌కరెంట్‌కైతే కింది మొగ్గలు గిల్లేస్తారు, దీనికి ఒక్కటీ గిల్లకూడదు. పైన రెండు మొగ్గలు కనిపించేలా మిగతాదంతా మట్టిలోకి గుచ్చి వదిలేస్తే వసంతానికి వేరు పడుతుంది, మరుసటి శీతాకాలానికి అసలు చోటుకు మార్చుకోవచ్చు.

మంచి యాజమాన్యంలో ఉన్న ఎదిగిన పొద ఒకటి ఏటా నాలుగైదు కిలోలు ఇస్తుంది. పండు నల్లబడగానే కోయాలని తొందరపడకుండా ఒక వారం ఆగితే పులుపు కొంత తగ్గి పరిమళం నిండుతుంది. మరీ ఆగితే పండు ముడతపడి రాలుతుంది. పాత రకాల్లో గెల మొదట్లోని పండ్లు ముందు, కొసవి తర్వాత పండుతాయి కాబట్టి విడివిడిగా ఏరుకోవాలి. బెన్ రకాల్లో గెల అంతా దాదాపు ఒకేసారి పండుతుంది, గెలగానే తుంచవచ్చు. తడి మీద కోసిన పండు నిలవదు. వంద గ్రాముల బ్లాక్‌కరెంట్‌లో సుమారు 180 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది, నారింజలో ఉన్నదానికి ఇది మూడు రెట్లకు పైమాటే. రెండో ప్రపంచ యుద్ధంలో నారింజల దిగుమతి దెబ్బతిన్నప్పుడు బ్రిటన్ ప్రభుత్వం ఈ సాగును ప్రోత్సహించి, బ్లాక్‌కరెంట్ పాకాన్ని పిల్లలకు ఉచితంగా పంచింది ఆ బలం వల్లే. కోసిన పండ్లు ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఉంటాయి. ఎక్కువ కాలం దాచాలంటే తొడిమలు ఒలుస్తూ కూర్చోనక్కర లేదు. గెలలను అలాగే పళ్లెంలో పరిచి గడ్డకట్టించి, సంచిలో వేసి గట్టిగా దులిపితే తొడిమలు వాటంతటవే విరిగి ఊడివస్తాయి.